స్ట్రిక్చరోప్లాస్టీ

పేగులో ఒకచోట ఇరుకు ఏర్పడితే ఆ ముక్కను కోసి పారేయాల్సిందేనా? అన్నిసార్లూ అక్కర్లేదు.

క్రోన్స్ వ్యాధిలో పేగు గోడ వాస్తూ, మానుతూ, మళ్లీ వాస్తూ చివరికి మచ్చకట్టి బిగుసుకుపోతుంది. తిన్నది ముందుకు కదలదు. కడుపు ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి, వాంతులు. గట్టిపడిన మచ్చను మందులు కరిగించలేవు. పోనీ కోసేద్దామంటే, ఈ వ్యాధి మరోచోట తిరగబెట్టే రకం. సుమారు 6 మీటర్ల చిన్నపేగును వచ్చినప్పుడల్లా కత్తిరిస్తూ పోతే పోషకాలను పీల్చుకోవడానికి మిగిలేదెంత?

అందుకే స్ట్రిక్చరోప్లాస్టీ అనే ఈ కిటుకు: ఇరుకైన చోట పేగును పొడవునా కోసి, అదే గాటును అడ్డంగా కుడతారు. దారి వెడల్పవుతుంది, పేగు ముక్క ఒక్కటీ పోదు. సాధారణంగా 10 సెంటీమీటర్ల లోపు ఇరుకులకు ఇది సరిపోతుంది. చీముగడ్డ, రంధ్రం, క్యాన్సర్ అనుమానం ఉంటే మాత్రం ఆ భాగాన్ని తీసేయాల్సిందే.

విశేషమేమంటే, దీని మూలం క్షయలో ఉంది. పేగు టీబీ ఇరుకులకు ఈ పద్ధతిని భారతీయ సర్జన్ ఆర్.ఎన్. కటారియా బృందం 1977లో వివరించింది. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ఇమాన్యుయెల్ లీ దాన్ని క్రోన్స్ రోగులకు వాడి, 1982లో వెల్లడించారు. ఆ రెండు జబ్బులూ ఒకదానిలా ఒకటి కనిపించి మన డాక్టర్లను ఇప్పటికీ తికమకపెడుతుంటాయి.