మూడు చెంచాల దగ్గర మోగే అలారం

వెయ్యి లీటర్ల నీళ్లలో మూడు టీ చెంచాల నూనె కలిపితే ఆ నీటిలో నూనె దాదాపు 15 పీపీఎం (పది లక్షల భాగాల్లో 15) ఉన్నట్టు. ఓడల ఇంజన్ రూమ్ నుంచి సముద్రంలోకి వదిలే నీటికి అంతర్జాతీయ చట్టం పెట్టిన హద్దు అదే. ఆ హద్దు దాటిందా లేదా అన్నది కంటితో తేల్చలేం కాబట్టి, ఆ పనిని గోడకు బిగించిన ఒక చిన్న పెట్టెకు అప్పగించారు. ఓడల మీద దాన్ని ఓసీఎం (ఆయిల్ కంటెంట్ మానిటర్) అనో, ఫిఫ్టీన్ పీపీఎం అలారం అనో పిలుస్తారు.

ఇంజన్ రూమ్‌ను ఎంత శుభ్రంగా ఉంచినా అడుగున నీళ్లు చేరుతూనే ఉంటాయి. పంపుల సీళ్ల నుంచి కారే ఉప్పునీరు, కూలర్ల మీద పట్టిన చెమ్మ, నేల కడిగిన నీళ్లు, వాటితోపాటు డీజిలూ లూబ్ ఆయిలూ దిగే ఆ చోటే బిల్జ్. ఆ నీటిని ట్యాంకులోకి తోడి, సెపరేటర్ గుండా పంపి, నూనెను విడదీసి, మిగిలినదాన్ని సముద్రంలోకి వదులుతారు. ఓడల వల్ల కలిగే కాలుష్యాన్ని అరికట్టే మార్పోల్ అంతర్జాతీయ ఒప్పందంలో నూనె కాలుష్యానికి సంబంధించిన భాగం 1983 అక్టోబరు 2న అమల్లోకి వచ్చింది. మొదట్లో తీరానికి దూరంగా అయితే 100 పీపీఎం దాకా వదలనిచ్చేవారు. తొంభైల్లో దాన్ని 15కు దించారు. పదివేల గ్రాస్ టన్నులూ అంతకు పైబడిన ఓడల్లో ఈ అలారం, దానితోపాటు నీటిని తనంతట తానే ఆపే ఏర్పాటు తప్పనిసరి.

పెట్టెలో జరిగేది ఇదీ. సెపరేటర్ నుంచి బయటికి పోయే నీటిలో కొంత, సన్నని గాజు గొట్టంలోకి వస్తుంది. గొట్టానికి ఒకవైపు నుంచి కాంతి పడుతుంది. నీళ్లు శుభ్రంగా ఉంటే కాంతి సూటిగా అవతలికి చేరుతుంది. నూనె బిందువులు ఉంటే, లంబసింగి ఘాట్‌లో మంచులో పడిన హెడ్‌లైట్ వెలుగులా పక్కలకు చెదురుతుంది. సూటిగా ఎంత వచ్చింది, పక్కకు ఎంత చెదిరింది అన్న లెక్కే తెర మీద పీపీఎంగా కనిపిస్తుంది. అంటే పెట్టె నూనెను చూడటం లేదు, కాంతిని చూస్తోంది. తుప్పు రేణువులు, మసి, గాలి బుడగలు కూడా కాంతిని చెదరగొడతాయి. వాటిని నూనె నుంచి విడదీసి లెక్కగట్టేలా పరికరాలు తయారుచేస్తున్నారు గానీ, ఆ తెలివికీ పరిమితి ఉంది.

2005 నుంచి అమర్చే పరికరాలకు నియమాలు గట్టిపడ్డాయి. నీటిలో 15 పీపీఎం దాటిన ఐదు సెకన్లలో అలారం మోగాలి. సముద్రంలోకి పోయే దారి మూసుకోవడంతో కలిపి మొత్తం ఇరవై సెకన్లు దాటకూడదు. మూడు దారుల వాల్వు తిరిగి నీళ్లు మళ్లీ బిల్జ్ ట్యాంకుకే పోతాయి. ఎప్పుడు అలారం మోగింది, సెపరేటర్ ఏ స్థితిలో ఉంది అన్న వివరాలు తేదీ, సమయంతో సహా 18 నెలలపాటు పెట్టెలోనే నిలవాలి.

నిర్వహణలో సగం గాజు కడగడమే. నీళ్లు వదలడానికి ముందూ తర్వాతా మంచినీటితో గొట్టం కడగాలి. తయారీదారు ఇచ్చిన బ్రష్‌తో లోపలి జిడ్డు తీయాలి. మంచినీళ్లు పోతున్నప్పుడు తెర మీద సున్నా దరిదాపుల్లో ఉందో లేదో చూసుకోవాలి. శాంపిల్ గొట్టంలో ప్రవాహం తగ్గినా అంకె నమ్మదగ్గది కాదు. లోపల చెమ్మ పీల్చే సిలికా జెల్ సంచి ఉన్న రకమైతే దాని రంగు గమనించి మార్చాలి. సీలు వేసిన భాగాన్ని మాత్రం ఓడలో ఎవరూ విప్పకూడదు. ఐదేళ్లు మించకుండా తయారీదారో, వారు అనుమతించినవారో క్యాలిబ్రేట్ చేసి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ సర్టిఫికెట్ గడువు దాటిందా అని రేవులో తనిఖీకి వచ్చే అధికారి ముందే అడుగుతాడు.

మిగతా సగం పెట్టె దగ్గర కాదు, నేల కడిగేచోట ఉంది. సబ్బు నీళ్లు ఎక్కువగా వాడితే నూనె సన్నని బిందువులుగా విడిపోయి నీటిలో పాలలా కలిసిపోతుంది. సెపరేటర్ దాన్ని విడదీయలేదు. అలారం పదేపదే మోగుతుంటే పెట్టె చెడిందని తిట్టుకునే ముందు ఆ వారం బిల్జ్‌లోకి ఏం పోశారో ఆరా తీయడం మేలు. నా ఉద్దేశంలో, చెడిందనుకునే అలారాల్లో చాలావరకు సరిగ్గానే పనిచేస్తుంటాయి.

తిట్టుకోవడం దగ్గర ఆగనివాళ్లూ ఉన్నారు. కరీబియన్ ప్రిన్సెస్ అనే విహార నౌకలో 2013 ఆగస్టులో సెపరేటర్‌ను తప్పించి, దొంగ పైపుతో ఇంగ్లండ్ తీరానికి దగ్గర్లో నూనె నీళ్లు వదిలారు. కొత్తగా చేరిన ఒక ఇంజనీరు సౌతాంప్టన్‌లో దిగి అధికారులకు చెప్పేశాడు. అమెరికా విచారణలో ఇంకో సంగతి బయటపడింది. అలారం మోగకుండా ఉప్పునీటి వాల్వు తెరిచి, బిల్జ్ నీటిని పలుచన చేసి పంపడం ఆ ఓడలో మామూలైపోయిందట. 2016 డిసెంబరులో ఆ ఓడ కంపెనీ నేరం ఒప్పుకుని 4 కోట్ల డాలర్లు కట్టడానికి అంగీకరించింది. ఇలాగే మంచినీటితోనూ మోసం చేయవచ్చని నియమాలు రాసినవారికీ తెలుసు. అందుకే 2005 తర్వాతి పరికరాల్లో, కడగడానికో సున్నా సరిచూడటానికో మంచినీళ్లు వదిలినా అలారం మోగి దారి మూసుకునేలా ఏర్పాటు ఉండాలన్నారు. మనుషుల మీద ఆ మాత్రం అనుమానం సబబే.

విశాఖలో మెరైన్ ఇంజనీరింగ్ చదివి ఓడెక్కే పిల్లలకు ఇక్కడొక మాట. ఆయిల్ రికార్డ్ బుక్‌లో నీళ్లు వదిలిన ప్రతిసారీ సంతకం పెట్టేది ఆ పని చూసిన అధికారి. కేసు వస్తే కంపెనీతోపాటు ఆ సంతకందారూ నిలబడాలి. పెట్టె పాడైతే నీళ్లు ట్యాంకులో ఉంచి, పాడైన సంగతి పుస్తకంలో రాసి, రేవులో ట్యాంకర్‌కు అప్పగించే మార్గం ఎప్పుడూ ఉంటుంది. ఖర్చు కంపెనీది. శాంపిల్ గొట్టంలోకి వేరే నీళ్లు వదలమని పైవాళ్లు చెబితే వదలకండి. ఒడ్డున భద్రత వ్యవహారాలు చూసే డీపీఏ (డిజిగ్నేటెడ్ పర్సన్ అషోర్) అనే అధికారి ప్రతి కంపెనీకీ ఉండాలి. ఓడెక్కిన మొదటి రోజే ఆయన నంబరు రాసిపెట్టుకోండి.