ఖాళీ కంప్యూటరుతో శాస్త్రానికి చేయూత

* పరిశోధనలకు ఉపకరిస్తున్న ‘బోయింక్’ సాఫ్ట్‌వేర్
* ఆఫీసు యంత్రంపై అనుమతి లేకుండా అమరిస్తే చిక్కులే

విజయవాడ: గవర్నర్‌పేటలోని ఆడిటర్ల కార్యాలయాలు మొదలు ఆటోనగర్‌లోని విడిభాగాల దుకాణాల వరకు నేడు కంప్యూటర్ లేని చోటు అరుదు. నాలుగు, ఆరు, ఎనిమిది కోర్ల ప్రాసెసర్లున్న యంత్రాలు సాధారణమయ్యాయి. అయితే వాటిపై జరిగే పనిలో అధిక భాగం బిల్లులు వేయడం, లేఖలు టైపు చేయడం, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేయడమే. ఇందుకు ప్రాసెసర్ శక్తిలో స్వల్ప భాగం చాలు. మిగిలినదంతా వృథాగా పోతుంది. ఆ శక్తిని వాతావరణ, వైద్య, ఖగోళ పరిశోధనలకు విరాళంగా ఇచ్చే వీలు కల్పిస్తున్నది ‘బోయింక్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. సొంత యంత్రంపై దీనిని అమర్చుకోవడం కొద్ది నిమిషాల పని. ఆఫీసు యంత్రమైతే మాత్రం ముందుగా కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి.

గ్రహాంతర జీవుల అన్వేషణతో మొదలు

అమెరికాలోని బర్క్‌లీ నగరంలో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1999 మే 17న ‘సెటి ఎట్ హోమ్’ పథకాన్ని ప్రారంభించింది. అంతరిక్షం నుంచి రేడియో టెలిస్కోపుకు అందిన సంకేతాలను ముక్కలు చేసి, ప్రపంచవ్యాప్తంగా ఔత్సాహికుల ఇళ్లలోని కంప్యూటర్లకు పంపి పరిశీలింపజేయడం దీని ఉద్దేశం. ఇదే పద్ధతి ఇతర శాస్త్రాలకూ పనికివచ్చేలా డేవిడ్ ఆండర్సన్ సారథ్యంలో 2002లో బోయింక్ రూపకల్పన మొదలైంది. సెటి ఎట్ హోమ్ 2020 మార్చి 31 నుంచి కొత్త పని పంపిణీని నిలిపివేసినా, బోయింక్ ఆధారంగా ఇతర పథకాలు సాగుతున్నాయి. ఐబీఎం సంస్థ 2004లో ప్రారంభించిన ‘వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్’ వైద్య పరిశోధనలకు పేరొందింది. దీని నిర్వహణ బాధ్యత 2021లో కెనడాలోని క్రెంబిల్ పరిశోధన సంస్థకు మారింది. క్షయ వ్యాధి కారక క్రిముల పైపొరపై పరిశోధన కూడా ఈ గ్రిడ్ ద్వారా 2016లో మొదలైంది.

పని జరిగేదిలా..

పెద్ద చేనును మళ్లుగా పంచుకొని కూలీల ముఠాలు కోసినట్లుగానే ఇక్కడ లెక్కను పంచుకుంటారు. పరిశోధన సంస్థ సర్వర్ నుంచి ఒక్కో కంప్యూటరుకు ఒక్కో చిన్న భాగం అందుతుంది. లెక్క ముగిశాక ఫలితం తిరిగి వెళుతుంది. పొరపాట్లను పట్టుకునేందుకు పలు పథకాలు ఒకే భాగాన్ని ఇద్దరికి పంపి, రెండు ఫలితాలూ సరిపోలితేనే స్వీకరిస్తాయి. పని పూర్తి చేసినవారికి లభించేది పాయింట్లు మాత్రమే. డబ్బు రాదు.

డెల్టాకు సంబంధమేమిటి?

కృష్ణా డెల్టా వాసులకు వాతావరణ పరిశోధన దూరపు విషయం కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. దాదాపు పది వేల మంది ప్రాణాలు కోల్పోయారు. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరాలు నీట మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి రికార్డు సృష్టించింది. ఇటువంటి విపత్తులు మున్ముందు ఎంత తరచుగా రావచ్చు, భూతాపం వాటిని ఎంతమేర పెంచుతోంది అన్న ప్రశ్నలకు ఒక్కసారి లెక్క వేస్తే జవాబు దొరకదు. ఆరంభ పరిస్థితులను కొద్దికొద్దిగా మారుస్తూ ఒకే లెక్కను వేల పర్యాయాలు నడపాలి. రేపటి వాన అంచనాకు సూపర్ కంప్యూటర్లు ఉన్నప్పటికీ, ఇన్ని పర్యాయాలు నడిపే సమయం వాటికి చిక్కడం కష్టం.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2003లో ప్రారంభించిన ‘క్లైమేట్ ప్రిడిక్షన్ డాట్ నెట్’ ఈ లోటును తీర్చే యత్నమే. ఔత్సాహికుల కంప్యూటర్లపై నడిచిన రెండు వేలకు పైగా నమూనాల ఫలితాలు 2005లో ‘నేచర్’ పత్రికలో వెలువడ్డాయి. గాలిలో బొగ్గుపులుసు వాయువు రెట్టింపైతే ఉష్ణోగ్రత పెరుగుదల రెండు డిగ్రీల లోపు నుంచి పదకొండు డిగ్రీల పైవరకు ఉండవచ్చని ఆ నమూనాలు చూపాయి. అనిశ్చితి ఎంత విస్తృతమో తెలిసింది ఇన్ని యంత్రాలు కలసి పనిచేయడం వల్లే.

తొలి మెట్టు అనుమతి

ఆశయం మంచిదైనా యంత్రం యజమానిది, కరెంటు బిల్లు యజమానిది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక సాంకేతిక కళాశాల కంప్యూటర్ల నిర్వాహకుడు 1999లో ఇటువంటి సాఫ్ట్‌వేరునే అనుమతి లేకుండా కళాశాల యంత్రాలపై అమర్చి క్రిమినల్ కేసు ఎదుర్కొన్నారు. 2002 జనవరిలో కుదిరిన ఒప్పందం మేరకు ఏడాది ప్రొబేషన్, 2,100 డాలర్ల చెల్లింపు, 80 గంటల సమాజ సేవతో బయటపడ్డారు. అరిజోనా రాష్ట్రంలో పాఠశాలల కంప్యూటర్ విభాగాధిపతి ఒకరు వేలాది యంత్రాలపై సెటి ఎట్ హోమ్‌ను నడిపి 2009లో ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. మన దేశంలోనూ యజమాని అనుమతి లేకుండా కంప్యూటరును వాడుకోవడం సమాచార సాంకేతిక చట్టం 2000 పరిధిలోకి రావచ్చు.

కనుక నోటిమాట సరిపోదు. ఏ యంత్రాలపై, ఏ పథకానికి, ఎన్ని గంటలు అన్న వివరాలతో రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యాలయాల్లో ఖాతాదారుల, రోగుల సమాచారం ఉండే యంత్రాల జోలికి పోకపోవడమే మేలు.

అమరిక ఇలా..

బర్క్‌లీ విశ్వవిద్యాలయపు అధికారిక వెబ్‌సైట్ నుంచి మాత్రమే బోయింక్‌ను దించుకోవాలి. ఇన్‌స్టాల్ చేశాక జాబితాలోని పథకాన్ని ఎంచుకొని, ఈ-మెయిల్ చిరునామాతో ఖాతా తెరిస్తే పని దానంతటదే వస్తుంది. కొన్ని పథకాల్లో అన్ని వేళలా పని దొరకదు కనుక రెండింటిలో చేరడం ఉపయోగకరం. తరువాత ‘కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్’ తెరిచి కింది మార్పులు చేయాలి.

కోర్లు: సాధారణంగా బోయింక్ ప్రతి కోరుకు ఒక పని అప్పగిస్తుంది. ఎనిమిది కోర్ల యంత్రంలో వినియోగాన్ని 50 శాతానికి పరిమితం చేస్తే నాలుగు పనులే నడుస్తాయి. మిగిలిన నాలుగు కోర్లు ఆఫీసు పనికి ఉంటాయి. ఒక్కో కోరును రెండుగా చూపే ప్రాసెసర్లలో విండోస్ చూపే సంఖ్య అసలు కోర్లకు రెట్టింపు ఉంటుందని గుర్తుంచుకోవాలి.

మెమరీ: ఒక్కో పనికి ఒక జీబీ కావాలనుకుంటే ఎనిమిది పనులకు ఎనిమిది జీబీలు కావాలి. ఎనిమిది జీబీల ర్యామే ఉన్న యంత్రం ఆ భారానికి మొరాయిస్తుంది. అందువల్ల కోర్ల సంఖ్యను ర్యామ్‌ను బట్టి కూడా తగ్గించుకోవాలి.

వేళలు: మౌస్, కీబోర్డు కదులుతున్నంతసేపు పని ఆగేలా చేయవచ్చు. నెట్ వినియోగాన్ని మధ్యాహ్న భోజన విరామానికో, సాయంత్రానికో పరిమితం చేయవచ్చు. కరెంటు పోయినా ఆందోళన అక్కరలేదు. లెక్కను మధ్యమధ్యలో భద్రపరుస్తుంది కనుక చివరిసారి భద్రపరిచిన చోటు నుంచి తిరిగి మొదలవుతుంది. యూపీఎస్‌పై నడిచేటప్పుడు మాత్రం ఆపివేయడం మంచిది.

ఖర్చు ఎంత?

ఖాళీగా ఉన్న యంత్రం 40 వాట్లు, లెక్క వేసేటప్పుడు 100 వాట్లు తీసుకుంటుందనుకుందాం. అదనంగా పడే 60 వాట్లు రోజుకు ఎనిమిది గంటల చొప్పున 25 రోజులకు 12 యూనిట్లవుతాయి. యూనిట్ తొమ్మిది రూపాయల లెక్కన నెలకు 108 రూపాయలు. పది యంత్రాలైతే 1,080 రూపాయలు. దీని కోసమే రాత్రంతా యంత్రాన్ని వెలిగించి ఉంచితే మొత్తం 100 వాట్లూ అదనపు ఖర్చే. 14 గంటల చొప్పున 30 రాత్రులకు ఒక్కో యంత్రానికి 42 యూనిట్లు, అంటే 378 రూపాయలు. అనుమతి కోరే ముందు ఈ లెక్క యజమాని ముందుంచడం న్యాయం.

వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే విజయవాడలో వేడి మరో సమస్య. క్యాబినెట్‌లోని దుమ్మును శుభ్రం చేయించాలి. ఏసీ లేని గదుల్లో ఏప్రిల్, మే నెలల్లో కోర్ల వినియోగాన్ని సగానికి తగ్గించడమో, పూర్తిగా ఆపడమో చేయాలి. లాప్‌టాప్‌లపై నిరంతరాయంగా నడపరాదు.

మోసాలతో జాగ్రత్త

‘మీ కంప్యూటరును అద్దెకివ్వండి, నెలకు వేలు సంపాదించండి’ అంటూ వచ్చే ప్రకటనలకు బోయింక్‌తో సంబంధం లేదు. వాటిలో కొన్ని యంత్రంలో రహస్యంగా క్రిప్టో కరెన్సీ తవ్వే సాఫ్ట్‌వేరును చొప్పిస్తాయి. డబ్బు ఆశ చూపేదేదైనా అనుమానించాల్సిందే.

మొదట ఒకే యంత్రంపై వారం రోజులు నడిపి వేగం, వేడి, బిల్లు గమనించాలి. సహోద్యోగులకు ఇబ్బంది లేదని తేలాకే మిగతా యంత్రాలకు విస్తరించాలి. ఉద్యోగం మానినా, యంత్రం మారినా, అనుమతి రద్దయినా ఆ రోజే పథకం నుంచి తొలగించి, సాఫ్ట్‌వేరును తీసివేయాలి.