శునకమునకు పచ్చిమాంసము – పంచాయతీ సభ్యులు గమనింపవలసిన విషయములు

ఆదివారమునాడు ఊరి చివర చెట్టు క్రింద మేక తెగిన చోటికి మనుష్యులకంటె ముందుగా చేరునవి కుక్కలు. మాంసము కోయువాడు పనికిరాని ఊపిరితిత్తులను, పొక్కులు పొడమిన కార్జమును ప్రక్కకు విసరివేయును. కుక్కలు వానిని గాలిలోనే అందుకొనును. ఇది మనమందరము చిన్నతనమునుండి చూచుచున్న దృశ్యమే. దీనియందు తప్పున్నదని ఎవరికిని తోచదు. పారవేయవలసినది మూగజీవికి ఆహారమైనదని సంతోషించువారు కూడ కలరు.

ఇటీవల ఇదే ఆచారము మరియొక త్రోవన గ్రామములకు వచ్చుచున్నది. నగరములలో పెంపుడు కుక్కలకు వండిన అన్నమును మాన్పించి, పచ్చిమాంసము, పచ్చిఎముకలు, పచ్చికార్జము తినిపించు పద్ధతి వ్యాపించినది. ఆస్ట్రేలియా దేశమునకు చెందిన ఇయాన్ బిల్లింగ్‌హర్‌స్ట్ అను పశువైద్యుడు 1993లో ఒక గ్రంథమును ప్రకటించి ఈ పద్ధతికి ప్రచారము కల్పించెను. సెలవులకు ఇంటికి వచ్చిన యువకులు "మన కుక్కకు కూడ ఇట్లే పెట్టవలెను" అని పెద్దలతో వాదించుట కలదు. ఈ విషయమున పంచాయతీ సభ్యుని అభిప్రాయము అడిగినచో ఏమి చెప్పవలెను? ఇది ఒక ఇంటి కుక్కకు మాత్రమే సంబంధించిన విషయమా, లేక ఊరంతటికి సంబంధించినదా? ఈ వ్యాసమున ఆ సంగతి విచారింతము.

కుక్క తోడేలు కాదు

పచ్చిమాంసమును సమర్థించువారు చెప్పు ప్రధాన కారణమొకటి కలదు. కుక్క తోడేలు సంతతిది, తోడేలు వండుకొని తినదు, కావున కుక్కకు కూడ పచ్చిమాంసమే సహజాహారమని వారి వాదము. వినుటకు ఇది సబబుగనే ఉన్నది. కాని కుక్క వేల సంవత్సరములుగా మానవుని వాకిట మెదలి, అతడు పెట్టిన గంజిని, సంగటిని తిని బ్రదికినది. ఆ సహవాసము దాని దేహమునందే మార్పు తెచ్చినది. పిండిపదార్థమును జీర్ణము చేయుటకు తోడ్పడు జన్యువు తోడేలునందు రెండు ప్రతులు మాత్రమే ఉండగా, కుక్కలలో నాలుగు మొదలు ముప్పది వరకు ఉన్నవని 2013లో ప్రకటింపబడిన పరిశోధన వెల్లడించినది. కావున మన ఇండ్లలో కుక్కకు రాగిసంగటి, జొన్నసంగటి, అన్నము పెట్టుట దాని ప్రకృతికి విరుద్ధము కాదు.

మాంసమే మంచిదని కేవలము మాంసమును పెట్టుటయందు మరియొక లోపమున్నది. కుక్క ఆహారమునందు భాస్వరమునకు కనీసము సమానముగా సున్నపు ధాతువు, అనగా కాల్షియము, ఉండవలెను. మెత్తని మాంసమునందు భాస్వరము అధికము, కాల్షియము అత్యల్పము. ఎదుగుచున్న పిల్లకు మాంసము మాత్రమే పెట్టినచో, దాని శరీరము తన ఎముకలనుండియే కాల్షియమును లాగుకొనును. ఎముకలు పలుచబడి, కాళ్లు వంగి, చిన్న దెబ్బకే విరుగును. ఎముకలు పెట్టి ఈ లోటు తీర్తుమందురా, పచ్చిఎముకలు కొరుకునపుడు పండ్లు విరుగుట, ముక్కలు గొంతులోనో ప్రేగులోనో అడ్డుపడుట కలదు. వండిన ఎముకలు ఇంకను ప్రమాదకరము. అవి సూదులవలె చీలి ప్రేగులను గ్రుచ్చును.

కంటికి కానరాని అపాయము

పచ్చిమాంసమునందు సాల్మొనెల్లా, లిస్టీరియా మొదలగు సూక్ష్మజీవులు ఉండవచ్చును. అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ సంస్థవారు 2010–2012 మధ్య పెంపుడు జంతువుల కొరకు అమ్మబడు పచ్చిమాంసాహారపు నమూనాలను 196 పరీక్షింపగా, 15 నమూనాలలో సాల్మొనెల్లా, 32 నమూనాలలో లిస్టీరియా కనబడినవి. ఆ దేశపు పశువైద్యుల సంఘము 2012లో కుక్కలకు, పిల్లులకు పచ్చిమాంసము పెట్టుట తగదని తీర్మానించినది.

ఇందు గమనింపవలసిన దేమన, ఈ సూక్ష్మజీవులు కడుపులో చేరినను కుక్క పెక్కుసార్లు ఆరోగ్యముగనే కనబడును. కాని దాని మలముతోడను, మూతితోడను అవి ఇల్లంతయు వ్యాపించును. ఆ కుక్కతో ఆడుకొను పసిబిడ్డకు, గర్భవతికి, ముసలివారికి అపాయము కలుగును. మాంసమును గడ్డకట్టించినచో సూక్ష్మజీవులు నశించునని కొందరు తలంతురు. అది పొరపాటు. గడ్డకట్టిన మాంసమున అవి నిద్రించును గాని చావవు. వాటిని చంపునది నిప్పు మాత్రమే.

నీటితిత్తుల కథ

ఇంతవరకు చెప్పినది ఒక ఇంటి విషయము. ఇక చెప్పబోవునది ఊరి విషయము.

గొర్రెను గాని మేకను గాని కోసినపుడు, కార్జముమీదను ఊపిరితిత్తులమీదను నీటితో నిండిన తెల్లని తిత్తులు అప్పుడప్పుడు కనబడును. ఇవి ఒక బద్దెపురుగు యొక్క పిల్లదశ. ఈ తిత్తులున్న అవయవమును పచ్చిగా తిన్న కుక్క ప్రేగులలో ఆ పురుగు పెరిగి పెద్దదగును. 1853లో సీబోల్డ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఇట్టి తిత్తులను కుక్కలకు తినిపించి, వాటి ప్రేగులలో పురుగులు పెరుగుటను చూపి, ఈ సంబంధమును రుజువు చేసెను. పెద్ద పురుగు పొడవు 7 మిల్లీమీటర్లకు మించదు. ఒక్క కుక్క కడుపులో ఇవి వేలకొలదిగా ఉండవచ్చును. అయినను కుక్కకు ఏ బాధయు కనబడదు.

ఆ కుక్క మలముతో పురుగు గ్రుడ్లు బయటికి వచ్చి పచ్చికమీద, నీటి మడుగులలో, కూరపాదులలో చేరును. కుక్క తన దేహమును నాకుకొనునపుడు రోమములకు కూడ అంటుకొనును. గొర్రె ఆ గడ్డిని మేసినచో దానియందు మరల తిత్తులు ఏర్పడును. కుక్కను నిమిరిన చేతిని కడుగుకొనకయే అన్నము తిన్న బాలుని కడుపులోనికి ఆ గ్రుడ్లు పోయినచో, అతని కార్జమునందో ఊపిరితిత్తులయందో తిత్తి మొలచును. అది మెల్లగా పెరుగును. పెక్కు సంవత్సరముల వరకు ఏమియు తెలియదు. తెలియునప్పటికి అది బత్తాయికాయ యంత కావచ్చును. దానిని తీయుటకు శస్త్రచికిత్స అవసరము కావచ్చును. లోపల పగిలినచో ప్రాణాపాయము కలుగవచ్చును.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలెను. తిత్తులున్న మాంసమును తినుటవలన మనుష్యునకు ఈ వ్యాధి రాదు. కుక్క మలమునందలి గ్రుడ్లు కడుపులో చేరినప్పుడే వచ్చును. కావున ఆ కార్జమును మనము తినక కుక్కకు వేసితిమి, అపాయము తప్పినదని అనుకొనుట సరికాదు. అపాయము అచ్చటనే ఆరంభమగుచున్నది.

గొర్రెలకాపరులకు కూడ ఇందు నష్టమున్నది. మందలో ఒక గొర్రె తల ఒరగవేసి, ఒకే వైపునకు గుండ్రముగ తిరుగుచు, మేత మాని చచ్చుటను వారు చూచియుందురు. దీనికి పెక్కుసార్లు కారణము మెదడులో పెరిగిన తిత్తి. ఇది మరియొక జాతి బద్దెపురుగువలన కలుగునది. ఆ చచ్చిన గొర్రె తలను కాపుకుక్కకు వేసినచో పురుగు కుక్కలో పెరుగును, గ్రుడ్లు మేతమీద పడును, మరియొక గొర్రె తిరుగనారంభించును. 2019 పశుగణనలో తెలంగాణలో సుమారు 1 కోటి 90 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1 కోటి 76 లక్షలు గొర్రెలు లెక్కకు వచ్చినవి. దేశమున గొర్రెల సంఖ్యలో మొదటి రెండు స్థానములు మనవే. కావున ఈ విషయము మనకు మిక్కిలి ముఖ్యము.

ఇతర దేశముల అనుభవము

ఈ వ్యాధిని నిర్మూలింపవచ్చునని రుజువు చేసిన దేశములు కలవు. ఐస్లాండు ద్వీపమున గొర్రెల పెంపకమే ప్రజలకు ముఖ్యమైన జీవనాధారముగా ఉండెను; కుక్క లేని ఇల్లు అరుదు. 1863లో హెరాల్డ్ క్రాబె అను డెన్మార్కు పశువైద్యుడు అచ్చటికి పోయి 100 కుక్కలను పరీక్షింపగా 28 కుక్కలలో ఈ పురుగు కనబడెను. పిమ్మట సులభమైన భాషలో వ్రాయబడిన చిన్న పుస్తకము ఆ దేశమున ఇంటింటికి ఉచితముగా పంచిపెట్టబడెను. తిత్తులను కుక్కకు వేయక కాల్చుడు, పూడ్చుడు అనునదే అందలి ఉపదేశము. 1869లోను 1890లోను చట్టములు వచ్చినవి. ఆనాడు నేటి మందులు లేవు. అయినను ప్రజలు కారణమును తెలిసికొని అలవాటును మార్చుకొనుటచేత వ్యాధి క్రమముగా ఆ దేశమును వదలిపోయెను. న్యూజిలాండులో 1959లో చట్టబద్ధముగా ఉద్యమము ఆరంభమై, 2002 నాటికి ఆ దేశము ఈ వ్యాధినుండి విముక్తమైనదని తాత్కాలికముగా ప్రకటింపబడెను. ఆస్ట్రేలియాలోని టాస్మానియా ద్వీపమున అట్టి ప్రకటన 1996లో వెలువడెను.

కుక్కకు ఏమి పెట్టవలెను?

కుక్కకు మాంసము పెట్టవలదని చెప్పుట మా ఉద్దేశము కాదు. పెట్టునది ఉడికించి పెట్టవలెను. అన్నములోనో సంగటిలోనో ఎముకలు తీసిన ఉడికిన మాంసము గాని, ఉడికించిన గ్రుడ్డు గాని, పెరుగు గాని కలిపి పెట్టవచ్చును. కార్జము, ఊపిరితిత్తులు పెట్టదలచినచో చిన్న ముక్కలుగా కోసి, నీరు తెర్లిన పిదప కనీసము అరగంట ఉడికింపవలెను. కాల్షియము కొరకు గ్రుడ్డుపెంకును ఉడికించి, ఎండబెట్టి, మెత్తగా నూరి కలుపుట మంచిది. పరిమాణమును పశువైద్యుని అడిగి తెలిసికొనవలెను. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్టు కుక్కకు విషతుల్యములు. మనము తినగా మిగిలిన కూరలలో ఉల్లి ఉండునని మరువరాదు.

ఆహారమును ఒక్కసారిగా మార్చినచో కుక్కకు విరేచనములు పట్టుకొనును. పచ్చిమాంసమునకు అలవాటుపడిన కుక్కకు వండిన ఆహారమునకు మారుటకు 7 మొదలు 10 దినములు పట్టును. మొదట పాలులో పాలు, అనగా నాల్గవ వంతు, క్రొత్త ఆహారమును కలిపి, రెండు మూడు దినములకు ఒకసారి సగము, ముప్పాతిక చొప్పున పెంచుచు పోవలెను. అయితే మార్పునకు తీసికొను ఈ దినములలో కూడ పాత వంతును పచ్చిగా ఉంచక, అదే మాంసమును ఉడికించియే కలుపుట క్షేమము.

పంచాయతీ చేయదగిన పనులు

పారిశుద్ధ్యము, పశుసంరక్షణము పంచాయతీల పరిధిలోనివని రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలు పేర్కొనుచున్నది. కావున సభ్యులు ఈ క్రింది పనులను తలపెట్టవచ్చును.

మొదటిది, మేకలను గొర్రెలను కోయుటకు ఒక స్థలమును నిర్ణయించి, కుక్కలు దూరకుండ దడి గాని కంచె గాని కట్టించుట. జాతరలలోను పండుగలలోను ఈ జాగ్రత్త రెట్టింపు అవసరము. ఆ దినములలో వందలకొలది జీవములు తెగును. ఊరికుక్కలకు దొరకునది కూడ అంతకంత పెరుగును.

రెండవది, ఆ స్థలము ప్రక్కనే లోతైన గొయ్యి త్రవ్వించి మూత పెట్టించుట. తిత్తులున్న భాగములను అందు వేసి, సున్నము చల్లి, మట్టితో కప్పవలెను. కుక్కలు త్రవ్వకుండ మీద బండలు పేర్చవలెను. నీటి బావికి ఈ గొయ్యి దూరముగ ఉండవలెను. దీనికి కావలసినది రెండు మూడు దినముల కూలి మాత్రమే.

మూడవది, చచ్చిన పశువులను బయట పారవేయనీయక పూడ్పించుట. 1990 దశకమునుండి మనదేశమున రాబందులు తగ్గిపోయినవి. ఒకప్పుడు అవి శుభ్రము చేసిన కళేబరములు నేడు కుక్కలపాలగుచున్నవి. హఠాత్తుగా చచ్చి, ముక్కునుండి నోటినుండి నెత్తురు కారిన పశువును ఎవ్వరును కోయరాదు. అది దొమ్మ రోగము కావచ్చును. వెంటనే పశువైద్యునకు తెలుపవలెను.

నాల్గవది, పశువైద్యశాలవారి సహాయముతో కుక్కలకు పురుగుల మందు ఇప్పించుట. బద్దెపురుగును చంపు మందు ప్రాజిక్వాంటెల్. కుక్క తిత్తిని తిన్న తరువాత గ్రుడ్లు వెలువడుటకు సుమారు 6 వారములు పట్టును. అందుచేతనే న్యూజిలాండులో 6 వారములకు ఒకసారి మందు ఇచ్చెడివారు. కాపుకుక్కలకు ఎన్ని దినములకు ఒకసారి ఈయవలెనో వైద్యుడు నిర్ణయించును. మందు పురుగును చంపును గాని గ్రుడ్లను చంపదు. కావున మందు వేసిన రెండు దినములు కుక్కను కట్టివేసి, మలమును పూడ్చవలెను. ఆ సమయముననే పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకా కూడ వేయించుట ఉచితము.

ఐదవది, ఊరికుక్కల విషయము. వాటిని చంపుట పరిష్కారము కాదు, చట్టసమ్మతమును కాదు. సంతాననిరోధక శస్త్రచికిత్స, టీకా స్థానిక సంస్థల బాధ్యతయని 2023లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనలు చెప్పుచున్నవి. తినుటకు పచ్చి వ్యర్థములు దొరకనిచోట కుక్కలు గుంపులు కట్టుట కూడ తగ్గును.

ముగింపు

ఈ పనులలో గొప్ప ధనవ్యయముతో కూడినది ఒక్కటియు లేదు. కావలసినది కారణము తెలియుట, తెలిసినదానిని గ్రామసభలో నలుగురికి చెప్పుట. పాఠశాలలో ఉపాధ్యాయులు పిల్లలకు "కుక్కను ముట్టిన చేతిని కడుగుకొనుము" అను ఒక్క మాట నేర్పినను మేలే. పట్టణపు యువకుడు పచ్చిమాంసపు గొప్పదనమును చెప్పునపుడు సభ్యుడు అతనిని కోపింపనక్కరలేదు. ఆ కార్జమునందలి తెల్లని తిత్తిని చూపి, దాని కథను చెప్పిన చాలును.

కుక్క విశ్వాసముగల జంతువు. అది మన మందను కాచును, మన ఇంటిని కాచును. దానికి పెట్టు ముద్దను పొయ్యిమీద కొంతసేపు ఉంచుట మనకు కష్టము కాదు. వచ్చు ఆదివారము మేక తెగునప్పటికి మీ గ్రామమున ఆ గొయ్యి సిద్ధముగ ఉండునా? సభ్యులు ఆలోచింపగలరు.