కృత్రిమ మేధకు సిక్కోలు పాఠం

చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న జనం ముందుకు వచ్చింది. పిల్లలు ఇంటిపని దాంతోనే రాయించేస్తారని కొందరు ఉపాధ్యాయులు భయపడ్డారు. పాఠం తయారీ భారం తగ్గుతుందని కొందరు సంబరపడ్డారు. రెండు వర్గాలవారూ దాన్ని అన్నీ తెలిసిన పండితుడిగానే చూశారు.

నిజానికి అది చేసేది అంచనా. కోట్లాది వాక్యాల మీద శిక్షణ పొంది, ఈ మాట తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టి ఒక్కో ముక్కా పేర్చుకుంటూ పోతుంది. అందుకే తప్పును కూడా తడబడకుండా చెప్పగలదు.

శ్రీకాకుళం, విజయనగరం బడుల్లో ఈ సంగతి ఇట్టే బయటపడుతుంది. ఇక్కడ ‘గుంట’ అంటే ఆడపిల్ల. అచ్చయిన తెలుగులో ఎక్కువగా కనిపించే అర్థం గొయ్యి. ‘గుంట ఎటెల్లిపోనాది?’ అని రాస్తే, చుట్టూ తగిన సందర్భం లేనప్పుడు యంత్రం అంచనా గొయ్యి వైపే మొగ్గే ప్రమాదముంది.

లిపి దగ్గరా చిక్కే. కంప్యూటరులో అక్షరాలను భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగు గుర్తుకు మూడు కావాలి. మన కంటికి ‘స్త్రీ’ ఒక్క అక్షరమే. కంప్యూటరుకు అది 6 గుర్తులు, 18 బైట్లు. చాలా మోడళ్లు తెలుగు వాక్యాన్ని ఇంగ్లిషు వాక్యం కన్నా ఎక్కువ ముక్కలు చేసి చదవడానికి ఇదొక కారణం.

సీతంపేట కొండల్లోని సవర గిరిజన పిల్లలకు ఇబ్బంది మరీ ఎక్కువ. వాళ్ల భాషలో అచ్చయిందే తక్కువ, యంత్రానికి దొరికేది ఇంకా తక్కువ. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) సవరను ఆ భాష మాట్లాడేవాళ్ల నోటి నుంచే నేర్చుకున్నారు. వాచకాలు రాశారు, సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లిషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన మాతృభాషా బోధనకు ఎంచుకున్న 8 గిరిజన భాషల్లో సవర కూడా ఉంది.

కృత్రిమ మేధను తరగతిలోకి తెచ్చే గురువులకు, మాట్లాడేవాళ్ల నోటి నుంచే నేర్చుకున్న గిడుగు పద్ధతే దారి. వరి ఊడ్పుల మీద యంత్రం చేత ఒక పేరా రాయించి, ఆరో తరగతి పిల్లల ముందు పెట్టవచ్చు. తమ ఊళ్లో జరిగే తీరుకూ దానికీ తేడా ఎక్కడుందో వాళ్లు గీతలు గీస్తారు, ఇంట్లో అడిగొచ్చి దిద్దుతారు. యంత్రం ఎక్కడ పొరబడుతుందో కూడా ఆ దిద్దుబాటులోనే వాళ్లకు తెలిసొస్తుంది. సవరలో రాయించిన పాఠాన్ని మాత్రం, సవర మాట్లాడే ఉపాధ్యాయులు సరిచూడకుండా ఒకటో తరగతి పిల్లల చేతికి ఇవ్వకూడదు.