ప్యాడ్ మీద వేలు, పాటలో ఎకో

పదహారు రబ్బరు గళ్లు, పక్కన నాలుగైదు నాబ్‌లు, వెనక ఒక యూఎస్‌బీ వైరు. మిడి ప్యాడ్ కంట్రోలర్ అంటే చూడ్డానికి ఇంతే. వైరు పీకేసి ఎంత గట్టిగా కొట్టినా రబ్బరు చప్పుడు తప్ప ఏమీ రాదు, ఎందుకంటే దానికి సొంత గొంతు లేదు. కొట్టిన ప్రతిసారీ అది ల్యాప్‌టాప్‌కి ఒక చిన్న కబురు పంపుతుంది: ఏ ఛానెల్, ఏ నంబరు ప్యాడ్, ఎంత బలంగా. బలాన్ని 127 వరకూ ఉన్న అంకెల్లో చెబుతుంది. ఆ కబురుకి అర్థం ఇచ్చేది సాఫ్ట్‌వేరే. ఒకే 36వ నంబరు కబురు ఒక సెట్‌లో కిక్ డ్రమ్‌ని మోగిస్తుంది, ఇంకో సెట్‌లో గాయని గొంతు మీద ఎకో తెరుస్తుంది. ఏ కబురుకి ఏ పని చేయాలో మనం నిర్ణయించి ముడి వేయడాన్నే మ్యాపింగ్ అంటారు.

ఈ కబుర్ల భాష పేరే మిడి, అది పాతదే. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ వాద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి ప్రాఫెట్-600 సింథసైజర్‌నీ, రోలాండ్ వారి జూపిటర్-6నీ ఒక కేబుల్‌తో కలిపితే, ఒకదాని మీద వాయించింది రెండోదాంట్లోనూ పలికింది. అమ్మకాల్లో పోటీ పడే రెండు కంపెనీలు ఒకే భాషకి ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. దాని వెనక ఉన్న డేవ్ స్మిత్‌కీ, ఇకుతారో కకెహాషీకీ 2013లో టెక్నికల్ గ్రామీ దక్కింది. ఆ ప్రదర్శన జరిగిన రెండేళ్లకి, 1985లో, రోలాండ్ ఆక్టోప్యాడ్ తెచ్చింది. మన ఆర్కెస్ట్రాల్లో, చర్చిల్లో ‘ప్యాడ్స్’ అంటే వెంటనే గుర్తొచ్చే వాద్యం అదే. కానీ ఆ మొదటి మోడల్లో శబ్దాలే లేవు, అది కబుర్లు పంపే కంట్రోలర్ మాత్రమే. లోపలే శబ్దాలున్న ఎస్‌పీడీ వరస తర్వాత వచ్చింది. మీ దగ్గర పాత ఎస్‌పీడీ-20 ఉంటే కొత్త కంట్రోలర్ కొననక్కర్లేదు. వెనక ఉన్న మిడి అవుట్ నుంచి ఒక యూఎస్‌బీ-మిడి కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కి కలిపితే, ఆ ప్యాడ్లతోనే ఎఫెక్టులు నడపొచ్చు.

ఎఫెక్టుల్ని వాద్యంలా వాయించడం కంప్యూటర్లకన్నా ముందే మొదలైంది. 1970లలో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో కింగ్ టబ్బీ అనే సౌండ్ ఇంజినీర్ రికార్డయిపోయిన పాటని మిక్సర్ మీద మళ్లీ వాయించేవాడు. పాడుతున్న గొంతుని ఉన్నట్టుండి తీసేసి, ఒక్క ముక్కని మాత్రం ఎకోలోకి విసిరి, అది తిరుగుతుండగా కింద డ్రమ్, బేస్ వదిలేసేవాడు. డబ్ అనే సంగీతం అలా పుట్టింది. ప్యాడ్‌తో మనం చేయబోయేదీ అదే పని.

ముడి వేయడం నేర్చుకోవడానికి పది నిమిషాలు చాలు. ఏబుల్టన్ లైవ్ సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్-ఎం నొక్కి, తెర మీద కావలసిన నాబ్ మీద క్లిక్ చేసి, చేతిలోని ప్యాడ్ కొడితే సరి. ఎఫ్‌ఎల్ స్టూడియోలో నాబ్ మీద రైట్ క్లిక్ చేసి ‘లింక్ టు కంట్రోలర్’ ఎంచుకోవాలి. రీపర్‌లో ‘లెర్న్’ అని ఉంటుంది. అసలు ఆలోచించాల్సింది దేనికి ఏది కట్టాలన్నదే. నేను చూసిన చాలామంది ఇక్కడ తొందరపడతారు. ఎకో ఎఫెక్ట్‌కి ఆన్, ఆఫ్ బటన్ కనిపిస్తుంది, దానికే ప్యాడ్ కట్టేస్తారు. ప్యాడ్ కొడితే ఎకో వస్తుంది, మళ్లీ కొడితే పోతుంది. వినడానికి మాత్రం బాగుండదు. ఆపిన క్షణంలోనే ఎకో తోక తెగిపోతుంది, చెవికి ఏదో పాడైనట్టు అనిపిస్తుంది.

దీన్ని ఇంకోలా కట్టాలి. డిలేని, అంటే ఆ ఎకో ఎఫెక్ట్‌ని, గాయని ట్రాక్ మీద కాకుండా విడిగా ఒక రిటర్న్ ట్రాక్‌లో పెట్టండి. అక్కడ డ్రై, అంటే ఎఫెక్ట్ లేని శబ్దం, పూర్తిగా తీసేసి వెట్, అంటే ఎఫెక్ట్ శబ్దం, 100 శాతం చేయండి. ఎకో ఎంత మళ్లీ తిరగాలో చెప్పే ఫీడ్‌బ్యాక్‌ని 40 శాతం దగ్గర ఉంచండి. ఇప్పుడు గాయని ట్రాక్ నుంచి ఆ రిటర్న్‌కి వెళ్లే సెండ్ నాబ్‌కి ప్యాడ్ కట్టండి. పల్లవి చివరి మాట మొదలవగానే ప్యాడ్ నొక్కిపట్టి, మాట పూర్తవగానే వదిలేయాలి. సెండ్ మూసుకుంటుంది, కానీ లోపలికి వెళ్లిన ఆ ఒక్క మాట తిరుగుతూనే ఉంటుంది, మెల్లగా సన్నబడుతుంది. దాని మీద చరణం మొదటి మాట ఏ ఎకో లేకుండా శుభ్రంగా వినిపిస్తుంది. గొంతు అంతటికీ ఎకో పూస్తే మాటలు బురదవుతాయి. ఒక్క మాటకే ఇస్తే ఆ మాట వెలుగుతుంది. మొదటిసారి ఇది సరిగ్గా కుదిరినప్పుడు కలిగే ఆనందం కోసమైనా ప్రతి కీబోర్డ్ ప్లేయరూ ఒకసారి చేసి చూడాలి.

ఈ ఏర్పాటులో రెండు అంకెలు ముఖ్యం. మొదటిది ఎకో వ్యవధి. 60,000ని టెంపోతో, అంటే నిమిషానికి బీట్ల లెక్క అయిన బీపీఎంతో, భాగిస్తే ఒక బీట్‌కి ఎన్ని మిల్లీసెకన్లో తెలుస్తుంది. 100 బీపీఎం పాటలో బీట్ 600 మిల్లీసెకన్లు, అందులో ముప్పావు వంతు అంటే 450. ఆ ముప్పావు వ్యవధి పెడితే ఎకో తాళంతో ఒరుసుకుంటూ నడుస్తుంది. నాకు అది సరిగ్గా బీట్ మీద పడే ఎకోకన్నా ఇష్టం. రెండోది సెండ్ గరిష్ఠ స్థాయి. సాఫ్ట్‌వేర్ మొదట ఇచ్చే పరిధి మొత్తం వాడకండి, పైహద్దు తగ్గించండి. ప్యాడ్ నొక్కగానే సెండ్ నేరుగా ఆ పైహద్దుకే పోతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. ప్యాడ్ మామూలుగా నోట్ కబురు పంపుతుంది. లైవ్‌లో నోట్‌ని నాబ్‌కి కడితే ఒక దెబ్బకి పైకి, ఇంకో దెబ్బకి కిందికి పోతుంది, నొక్కినంతసేపు మాత్రమే ఉండదు. అందుకే కంట్రోలర్‌తో వచ్చే ఎడిటర్‌లోకి వెళ్లి ఆ ప్యాడ్‌ని కంట్రోల్ చేంజ్ కబురుకి, అంటే వాడుకలో సీసీకి, మార్చి ‘మొమెంటరీ’ అని పెట్టాలి. అప్పుడు నొక్కితే 127, వదిలితే 0 వెళ్తుంది. ఇంకో చిక్కు కూడా ఇక్కడి నుంచే వస్తుంది. ఎఫెక్ట్‌కి కట్టిన నోట్‌ని లైవ్ ఇక వాద్యానికి పంపదు. నిన్నటిదాకా మోగిన స్నేర్ ఈ రోజు మోగడం లేదేమిటని గంటలు గంటలు వెతికేవాళ్లున్నారు. ఎఫెక్టుల ప్యాడ్లన్నింటినీ 16వ ఛానెల్‌కి మార్చేస్తే ఎఫెక్టుల కబుర్లూ, వాద్యాల కబుర్లూ కలవవు.

నాబ్‌ల సంగతి వేరు. ఫిల్టర్ తెరవడం, మూయడం లాంటి నెమ్మది పనులు వాటికే ఇవ్వాలి. మిడి నాబ్‌కి 128 మెట్లు మాత్రమే. 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా పరిధి వాటి మీద పరిస్తే దాదాపు పది స్థాయిలు (ఆక్టేవ్‌లు) పడతాయి, అంటే ఒక్కో మెట్టుకి ఇంచుమించు ఒక స్వరస్థానం. మెల్లగా తిప్పినప్పుడు కొన్ని ఎఫెక్టుల్లో గరగరమని మెట్లు వినిపించడానికి కారణం ఇదే. పరిధిని 200 నుంచి 8,000కి కుదిస్తే మెట్లు సన్నబడతాయి, చేయి ఎంత తిప్పినా పాట పాడవదు. 2020లో వచ్చిన మిడి 2.0 ఈ 128ని కోట్ల మెట్లకి పెంచింది గానీ, ఇప్పుడు చేతుల్లో తిరుగుతున్న చాలా కంట్రోలర్లు పాత లెక్కనే పంపుతాయి. నాబ్‌లతో ఇంకో ఇబ్బంది ఉంది: పాట మారినప్పుడు నాబ్ ఒకచోట, తెర మీద విలువ ఇంకోచోట ఉండి, ముట్టుకోగానే శబ్దం ఎగిరిపడుతుంది. సెట్టింగుల్లో ‘పికప్’ ఎంచుకుంటే నాబ్ ఆ విలువని దాటేదాకా సాఫ్ట్‌వేర్ కదలదు.

ప్యాడ్ కొట్టాక ఆలస్యంగా పలుకుతోందంటే తప్పు మిడిది కాదు. పాత అయిదు పిన్నుల కేబుల్లో కూడా ఒక నోట్ కబురు దాదాపు ఒక మిల్లీసెకన్‌లో చేరుతుంది. ఆలస్యం సౌండ్ కార్డ్ బఫర్‌ది. 44,100 శాంపిల్ రేటులో 1024 బఫర్ అంటే 23 మిల్లీసెకన్లు. దాన్ని 256కి దించితే 6 లోపే.

ప్యాడ్లు పదహారు ఉన్నాయి కదా అని పదహారింటికీ ఏదో ఒకటి కట్టడం నాకు నచ్చదు. పాటలో నిజంగా అవసరమయ్యే పనులు మూడో నాలుగో ఉంటాయి: గొంతుకి ఎకో, డ్రమ్స్‌కి ఒక్క దెబ్బ రివర్బ్, మొత్తం మిక్స్‌కి ఫిల్టర్. వాటిని ప్రతి పాటలోనూ అదే ప్యాడ్‌కి, ఫిల్టర్‌ని అదే నాబ్‌కి ఉంచండి. కళ్లు గాయని మీద ఉండాలి, ల్యాప్‌టాప్ మీద కాదు. పై వరస కుడి మూల ప్యాడ్‌ని మాత్రం రిటర్న్ ట్రాక్‌లన్నింటినీ ఒకేసారి మూసేయడానికి వదిలేయండి. హాల్లో ఎకో అదుపు తప్పితే వెతుక్కోకుండా ఆ ఒక్కటి కొడితే చాలు. ఫీడ్‌బ్యాక్ 100 శాతానికి చేరనంతవరకూ లోపల మిగిలింది దానంతటదే సద్దుమణుగుతుంది, ఇంటర్‌లూడ్ అయ్యేసరికి మళ్లీ తెరుచుకోవచ్చు.