మ్యాచ్ మర్నాడు బడిలో: ముస్లిం పిల్లల గురించి అపోహలు – వాస్తవాలు

ఇండియా–పాకిస్తాన్ మ్యాచ్ జరిగిన మర్నాడు ఏ హైస్కూల్లోనైనా తొమ్మిదో తరగతి వెనక బెంచీ దగ్గర కాసేపు నిలబడండి. ఇండియా గెలిస్తే "ఏరా, రాత్రి ఏడ్చావా?" అంటాడు ఒకడు. ఓడితే "ఇవాళ మీకు పండగేగా" అంటాడు ఇంకొకడు. అన్నవాడు పగవాడేం కాదు, రోజూ పక్కన కూర్చుని డబ్బాలో కూర పంచుకునేవాడే. అనిపించుకున్నవాడు నవ్వేస్తాడు. ఆ నవ్వు చూసి పెద్దవాళ్ళం ఊరుకుంటాం.

అపోహ: పిల్లలన్నాక ఆటపట్టించుకుంటారు, దాన్ని పెద్దది చేయకూడదు.

పొట్టోడా, బండోడా అని పిలవడమూ మంచిదేం కాదు. కానీ 'పాకిస్తాన్', 'టెర్రరిస్ట్' అనే పేర్లు చేసే పని వేరు. నీది ఈ ఊరు కాదు పొమ్మంటాయి. నాలుగు తరాల గోరీలు ఊరి చివరే ఉన్న పిల్లాడు దీనికేం బదులు చెప్పాలి? చెప్పలేకే నవ్వుతాడు. కొన్నాళ్ళకు మ్యాచ్ మర్నాడు కడుపునొప్పి అని ఇంట్లో ఉండిపోతాడు, లేదా అందరికన్నా గట్టిగా అరిచి తన దేశభక్తి రుజువు చేసుకోవడం మొదలుపెడతాడు. రెండూ మంచి లక్షణాలు కావు.

'ఇదంతా చదువూ సంస్కారం లేనిచోట్ల' అని కొందరంటారు. నాజియా ఎరమ్ 2017లో తెచ్చిన 'మదరింగ్ ఎ ముస్లిం' పుస్తకం కోసం 12 నగరాల్లో 145 కుటుంబాలతో మాట్లాడారు. అందులో ఎక్కువగా కనిపించేవి ఫీజులు దండిగా వసూలుచేసే పేరున్న బడులే. అక్కడి పిల్లలు ఆ మాటలు పుట్టుకతో తెచ్చుకోలేదు. ఇంట్లో టీవీ ముందు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో విన్నవే బడికి మోసుకొచ్చారు.

ఒక్కోసారి టీచరే మొదలుపెడతారు. 2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక టీచరు తరగతి పిల్లల చేతనే ముస్లిం పిల్లాడి చెంపలు వాయింపజేసిన వీడియో దేశమంతా చూసింది. ఆరోపణ నిజమైతే అది ప్రభుత్వ అంతరాత్మను కుదిపేయాల్సిన విషయమని సుప్రీంకోర్టు అన్నది. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కొట్టిన పిల్లల సంగతీ ఆలోచించాలి. టీచరు మాట విన్నందుకు ఆ వయసులో వాళ్ళకు దక్కిన పాఠం తోటివాణ్ణి కొట్టడం.

అపోహ: ముస్లింలంటే ఇంట్లో ఉర్దూ, చదువు మదర్సాలో.

బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు వెళ్ళేవారు నూటికి ముగ్గురు నలుగురేనని సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ తలవరు. 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది అసలు బడి మొహం చూడనివారో, మధ్యలో మానేసినవారో. భయపడాలంటే దానికి భయపడాలి.

భాష సంగతి ఇంకా తమాషా. ఆంధ్ర, రాయలసీమల్లో దూదేకుల ముస్లింల ఇళ్ళల్లో తరతరాలుగా ఇంటిమాట తెలుగే. ఆ ఇంటి అమ్మాయి తెలుగు వాచకం గడగడ చదివితే "అబ్బ, ముస్లింవైనా తెలుగు ఎంత బాగా వచ్చే నీకు!" అని టీచరు మెచ్చుకుంటారు. మెచ్చుకున్నానని టీచరు మురిసిపోతారు. తన భాష తనకు వచ్చినందుకు మెప్పేమిటో ఆ పిల్లకు అర్థం కాదు. సాయంత్రం ట్యూషన్‌లో ఉర్దూ మాట్లాడే పిల్లలు "నీకు ఉర్దూ రాదా? మరి నువ్వేం ముస్లింవే?" అంటారు. పొద్దున ఒక వైపు, సాయంత్రం ఇంకో వైపు. ఈ రెండో వైపు గురించి మనం మాట్లాడుకోవడం తక్కువ. వినాయకుడి మంటపం దగ్గర స్నేహితులతో ఫొటో దిగితే "దీన్ (మతం) గుర్తులేదా" అని మందలించే తోటి కుర్రాళ్ళుంటారు. ఫోన్లో వచ్చే రీల్స్ వాళ్ళకు ముఫ్తీలు. ఎంత ముస్లింవో చూపించు అని వీళ్ళు, ఎంత ముస్లింవి కావో చూపించు అని వాళ్ళు. పద్నాలుగేళ్ళ పిల్లలకు ఉన్న హోంవర్కు చాలదన్నట్టు!

పేరు చూసి మతం చెప్పేసేవాళ్ళు ఒకసారి అనంతపురం వైపు వెళ్ళాలి. గూగూడు కుళ్ళాయిస్వామి పీర్లకు మొక్కుకున్నాక పుట్టిన హిందూ పిల్లలు కుళ్ళాయప్పలయ్యారు. రాయలసీమ, నెల్లూరు ఊళ్ళల్లో మస్తానయ్యలూ దస్తగిరులూ రెండు మతాల్లోనూ ఉన్నారు. హాజరుపట్టీలో ఆ పేరొస్తే టీచరు ఏ మతమని రాసుకుంటారు?

పిల్లలకు ఉపన్యాసాలకన్నా పుస్తకాలు మేలనుకుంటాను. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' నెల్లూరు జిల్లా యాసలో నవ్విస్తూ సాగుతాయి. వేంపల్లె షరీఫ్ కథల పుస్తకం 'జుమ్మా'కు 2012లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. అవి బడి లైబ్రరీలో ఉంటే ముస్లిం పిల్లలు తమ ఇంటిని అచ్చులో చూసుకుంటారు. పక్క బెంచీవాళ్ళు ఆ ఇంట్లోకి ఓసారి తొంగిచూస్తారు.

అపోహ: రజాకార్లు ముస్లింలు, కాబట్టి అప్పట్లో ముస్లింలంతా అటే.

సాంఘికశాస్త్రం పీరియడ్‌లో ఈ పాఠం రాగానే తరగతి తలలన్నీ ఒకే వైపు తిరుగుతాయి. నిజాం సంస్థానం ఇండియాలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్ల చేతుల్లో చచ్చిపోయిన 'ఇమ్రోజ్' సంపాదకుడి పేరు షోయబుల్లా ఖాన్. విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కి, తన భూమి కోసం ప్రాణం పోగొట్టుకున్న రైతు పేరు షేక్ బందగి. తెలంగాణ సాయుధ పోరాటంలో నిలబడ్డ కవి మఖ్దూం మొహియుద్దీన్. ఈ పేర్లు చెప్పకుండా పాఠం చెబితే అది చరిత్ర కాదు.

అయితే ఒక జాగ్రత్త. ఈ పేర్లు చరిత్ర కాబట్టి చెప్పాలి, ముస్లిం పిల్లాడి తరఫున జామీను కోసం కాదు. "అబ్దుల్ కలాంలా ఉండరా" అని దీవించేవాళ్ళు అదే పని చేస్తుంటారు. రాష్ట్రపతి అయితే తప్ప మామూలు సలీంకు మర్యాద దక్కదా? లెక్కల్లో ముప్పై అయిదు మార్కులు తెచ్చుకుని క్రికెట్ ఆడుకునే సలీంకూ అంతే మర్యాద ఉండాలి.

అపోహ: రంజాన్ రోజా (ఉపవాసం)లో ఉమ్మి కూడా మింగకూడదు, పిల్లలందరికీ తప్పనిసరి.

సొంత ఉమ్మి మింగితే రోజా పోదు. మంచినీళ్ళు తాగరన్న మాట నిజమే. యుక్తవయసు రాని పిల్లలకు రోజా విధి కాదు, జబ్బుపడ్డవారికీ ప్రయాణంలో ఉన్నవారికీ సడలింపుంది. నెలసరి రోజుల్లో అమ్మాయిలు రోజా ఉండరు, ఆ రోజులు తర్వాత పూర్తిచేసుకుంటారు. ఇది తెలియక "ఏం, ఇవాళ రోజా లేదా?" అని అందరి ముందూ అడిగితే ఆ పిల్ల పరిస్థితి ఆలోచించండి. తెలిసిన ముస్లిం అబ్బాయిలు అడగడం ఇంకా అన్యాయం. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పరీక్షలు ఆ నెలలోనే జరిగాయి. రోజా ఉన్నవారిని ఆటల పీరియడ్‌లో నీడన కూర్చోనిస్తే చాలు, జాలి చూపులు అక్కర్లేదు.

అపోహ: హిజాబ్‌ను సుప్రీంకోర్టు నిషేధించింది.

లేదు. హిజాబ్‌ను తరగతిలోకి రానివ్వని కర్ణాటక ప్రభుత్వ ఉత్తర్వును 2022 మార్చి 15న ఆ రాష్ట్ర హైకోర్టు సమర్థించింది. సుప్రీంకోర్టులో అదే ఏడు అక్టోబర్ 13న ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పూ ఇచ్చి, తగిన ధర్మాసనం ఏర్పాటును ప్రధాన న్యాయమూర్తికి వదిలారు. ఇక వేసుకున్న ప్రతి పిల్లా ఒత్తిడికి లొంగిందనీ, తీసేసిన ప్రతి పిల్లా దారితప్పిందనీ అనుకోవడం ఒకే తప్పుకు రెండు ముఖాలు. ఆ పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టి అడిగినవాళ్ళు తక్కువ.

అపోహ: సరస్వతీ పూజలో కూర్చోకపోతే బడిని అవమానించినట్టే.

ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న విద్యాసంస్థలో చదివేవారిని వారి సమ్మతి లేకుండా, చిన్నపిల్లలైతే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతారాధనలో పాల్గొనాలని బలవంతపెట్టరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ఇష్టంగా కూర్చునే ముస్లిం పిల్లలున్నారు, కూర్చోనివారూ ఉన్నారు. ఇద్దర్నీ ఎందుకని అడగక్కర్లేదు.

అపోహ: "పట్టించుకోకురా, నీ చదువు నువ్వు చదువుకో."

ఇది ముస్లిం ఇళ్ళల్లో ఉన్న అపోహ. అమ్మీ, అబ్బాల భయం అర్థమవుతుంది, గొడవ పెద్దదైతే పిల్లాడి సీటుకే ముప్పని. కానీ ఇంట్లో చెప్పినా ఒరిగేదేం లేదని ఒకసారి తెలిస్తే పిల్లలు ఇంకెప్పుడూ చెప్పరు. ఫోనుతో గది తలుపు వేసుకుంటారు. ముందు పూర్తిగా వినండి, మధ్యలో సలహా వద్దు. ఎవరు, ఎప్పుడు, ఏ మాట అన్నారో తేదీతో కాగితం మీద పెట్టించండి. మీ పిల్లాడు ఒప్పుకున్నాకే క్లాస్ టీచరు దగ్గరికి, అక్కడ కదలిక లేకపోతే హెడ్మాస్టరుకు రాతపూర్వకంగా, ఆపైన మండల విద్యాధికారికి. పిల్లల సాయానికి 1098 ఉంది, మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి 14416 ఉంది. రెండూ ఉచితం.

టీచర్లు చేయాల్సింది ఇంకా తక్కువ. 'పాకిస్తాన్' అన్న మాట చెవిన పడ్డప్పుడే పాఠం ఆపి, "ఈ క్లాసులో ఆ పిలుపు కుదరదు" అని అనేయాలి. అన్నవాణ్ణి తర్వాత విడిగా పిలిచి, ఆ మాట ఎక్కడ విన్నాడో కనుక్కోవాలి. సలీంను లేపి నిలబెట్టి "వీడు మన సోదరుడు" అని అందరి చేతా చప్పట్లు కొట్టించడం మాత్రం వద్దు.