పీతల బోనుకు నోరెట్లా ఉండాలి, కన్నమెందుకు ఉండాలి?



కోరంగి, నాగాయలంక వైపు పాయలలో పట్టే మండపీతకు హైదరాబాదు హైటెక్ సిటీ హోటళ్ళలో మంచి గిరాకీ ఉన్నది. కాని బ్రతికి ఉండాలి, డెక్కలు రెండూ ఉండాలి. డెక్క విరిగిందా, ధర తగ్గిందే! కావున బోనులో ఎన్ని పడ్డాయన్నది సగం లెక్క. చెక్కు చెదరకుండా ఎన్ని దక్కాయన్నది అసలు లెక్క. రెండూ బోను కట్టడిలోనే ఉన్నాయి.

మొదటిది నోరు. పీత ఎర వాసన పట్టి, నీటి వాలుకు ఎదురు నడిచి వస్తుంది. పోటుకు ఒక దిక్కు, పాటుకు ఒక దిక్కు నీరు పారుతుంది గదా! అందుచేత ఎదురెదురుగా రెండు నోళ్ళు పెట్టి, వాటిని నీటి వాలు వెంబడి ఉంచాలి. నోరు గరాటువలె బయట వెడల్పు, లోపల ఇరుకు. అక్కడి వల బిగుతుగా ఉండాలి. వదులైతే కాళ్ళు చిక్కుకుని పీత వెనుదిరుగుతుంది. ఎర నడిమధ్య కట్టండి. అంచున కడితే బయటినుంచే పీక్కుతిని పోతుంది.

రెండవది గది. అమెరికాలోని వర్జీనియాలో బెంజమిన్ లూయిస్ 1928లో తీగబోనుకు పేటెంటు పొంది, తరువాత దానిని మెరుగుపరిచాడు. కింద ఎర, పైన మరో గది. తప్పించుకోబోయి పైకి ఈదే పీత అక్కడ చిక్కుతుంది. మన మండపీత ఎక్కువగా నేలపై నడిచేది; దానికి మేడకంటె విశాలమైన నేల ముఖ్యం.

మూడవది కన్నం. "చిక్కినదాన్ని వదిలే కన్నమెందుకండీ?" అంటారేమో. పీతలు ఒకదాన్నొకటి కొరుక్కునే జాతి. పిల్లపీతలు నిండితే ఎర తరుగుతుంది, డెక్కలు విరుగుతాయి. అవి బయటపడితే పెరిగి మళ్ళీ మనకే దొరుకుతాయి. పీత పక్కకు నడుస్తుంది కాబట్టి డిప్ప వెడల్పు కాదు, దాని ముందు వెనుకల పొడవు, మందం కొలవాలి. వదలదలచిన వాటిలో పెద్దది దూరేటంత కన్నం, గట్టి చట్రంతో, అడుగుకు ఆనించి పెట్టండి.

మరొక మాట. తాడు తెగి మునిగిన నైలాను బోను కుళ్ళదు. పీతలను చంపుతూనే ఉంటుంది. అందుకని తలుపును నూలుతాడుతో కట్టండి. అది చివికి తలుపు ఊడుతుంది.

విస్తరణ కార్యకర్తలకు మనవి. కన్నమున్నవి రెండు, లేనివి రెండు, ఒకే పాయలో, ఒకే ఎరతో పది రోజులు వేయించండి. సంఖ్య, తూకం, డెక్కలు విరిగినవి ఎన్నో రాయించండి. ఆ కాగితం మన మాటలకంటె బాగా చెబుతుంది.